ఎలకల పద్దు

సావుకారి మేనల్లుడు వైజాగు నుంచి తెచ్చిన అట్టపెట్టెలో
ఎయిర్‌గన్ను ఒకటి, దాని నెత్తిన బిగించే నల్ల గొట్టం ఒకటి.
"ఇందులో చూస్తే వెలుతురుతో పనిలేదు తవిటినాయుడూ,
వేడుంటే చాలు, పట్టేస్తది."
గొట్టం ఖరీదు కూడా చెప్పాడు.
నా రెండేళ్ల జీతం.
అప్పట్నుంచి పసిగుంటని ఎత్తుకున్నట్టు
రెండు చేతుల్తో పట్టుకుంటున్నాను.

కాశీబుగ్గలో రైలుగేటు అవతల మా జీడి ఫ్యాక్టరీ.
ఏడింటికి పని దిగిపోయింది.
లైట్లన్నీ ఆర్పేసి
మొదటిసారి కన్ను ఆనించాను.

ముందు కనబడింది ఎలక కాదు.
పీటలు.
పిక్కలు కొట్టే షెడ్డులో నలభై చెక్కపీటలు,
ఒక్కోదాని మీద ఒక్కో తెల్లటి మచ్చ.
ఇప్పుడే లేచెళ్లిన ఆడవాళ్లు
కూర్చున్నంత మేరా వదిలేసిన వేడి.
గుమ్మం పక్కన గోడ మీద ఒక అరచెయ్యి.
దాలమ్మదే అయుంటుంది, మోకాళ్లు పట్టేసి
గోడ ఆసరా లేనిదే లేవదు.
ఐదు వేళ్లూ అచ్చుగుద్దినట్టున్నాయి.
ఆ వేళ్లే రేషన్ మిషను మీద పడవు,
జీడిరసం గీతలన్నీ ఎప్పుడో తినేసింది.
మూడుసార్లు తుడిపించి, నాలుగోసారి నొక్కించి
"రేపు రామ్మా" అంటాడు డీలరు.
సున్నం రాలిన గోడ ఒక్కసారికే పోల్చుకుంది.
నేను చూస్తుండగానే
చిటికెనవేలు ముందు ఆరిపోయింది.

అప్పుడు దిగింది ఎలక, బస్తాల దొంతి మీంచి,
నడిచే మెతుకులాగ.
ఆగి, ముందుకాళ్లతో మూతి కడుక్కుంది.
నొక్కాను.
ఎండు తాటిమట్ట విరిగినంత చప్పుడు.

చచ్చాక దీపం తీసేసినట్టు
టప్పున ఆరిపోద్దనుకున్నాను.
లేదు.
తోక ముందు పోయింది, తర్వాత చెవులు.
కడుపు దగ్గర తెలుపు
నేను రెండు చుట్టలు కాల్చేదాకా నిలబడే ఉంది,
ఏదో చెప్పడానికి ఉండిపోయినట్టు.

ఆ రాత్రి పదకొండు. మర్నాడు పంతొమ్మిది.
మేనల్లుడు తోకలు లెక్కేసి ఫోన్లో ఫొటో తీసుకునేవాడు.
ఒక్క పందికొక్కు మాత్రం చిక్కలేదు,
ఎడం చెవి తెగిన ముసలిది.
అది బాయిలరు గోడని ఆనుకుని కూర్చుంటుంది.
తెల్లారేదాకా ఆ గోడ మూల మూలంతా తెలుపే,
తెలుపులో తెలుపు.
కొరికే చప్పుడే వినబడేది నాకు.
రెండేళ్ల జీతం కంటికి ఆనించుకుని
గుడ్డోడిలా చెవులు రిక్కించేవాణ్ణి.

నెలాఖరు.
అద్దాల గదిలోంచి చీటీలొచ్చాయి.
కొట్టిన పప్పు ఇంత, విరిగిన బద్ద ఇంత,
ఎలకలు తిన్నది పదహారు కిలోలు, కోత.
పోయిన నెలా పదహారే.
ఆ ముందు నెలా.
దాలమ్మ చీటీ నా చేత చదివించుకుని
నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.
"ఓలమ్మ! మందస కొండ దిగిన ఏనుగులు కూడా
ఇంత లెక్కగా తినవు కదేటి.
మరి నువ్వు కాల్చినయ్యేటి బావూ?"

రెండొందల ఆరు.
నోటిదాకా వచ్చిన అంకె మింగేశాను.

ఆ రాత్రి గొట్టం తిన్నగా అద్దాల గది వైపు తిప్పాను.
బల్ల కనబడలేదు, బీరువా కనబడలేదు,
పద్దుల పుస్తకం అసలే లేదు.
గాజుకి అవతల సంగతి దీనికి తెలీదట,
మేనల్లుడు తర్వాత చెప్పాడు,
వేడిని గాజు వెనక్కి కొట్టేస్తుందట.
ఆ క్షణాన నాకు కనబడింది మాత్రం ఒకడు,
మసగ్గా, తెల్లగా,
తుపాకీకి చెంప ఆనించి
నా మీదికే గురిపెట్టి నిలబడ్డవాడు.
నేను ఊపిరి బిగబడితే వాడూ బిగబట్టాడు.

వెనకాల చీకట్లో
తీరుబడిగా కొరుకుతున్న చప్పుడు.
ఎలకే అనుకుంటాను.