ముప్పై ఒకటో తారీఖు ఆవిడ

పసుపుపచ్చ కోటు, గుండ్రటి పలక తగిలించిన కర్ర.
డొనెగల్ ఒడ్డున, కిల్‌డారన్ బడి ముందు
పదకొండేళ్లుగా నా ఉద్యోగం
కార్లని ఆపడం,
తెల్లచారల మీదుగా పిల్లల్ని దాటించడం.

నిన్న సన్నగా వాన పడుతుంటే
ఫియక్రా నా చెయ్యి వదలకుండా అడిగాడు:
"క్రిస్మస్‌కి తాతయ్య ఉన్నాడు,
ఈస్టర్‌కి కుందేలుంది.
హాలోవీన్‌కి ఎవరూ లేరేం?"
ఉంది ఒకావిడ, అన్నాను.
అబద్ధం ఆడితే అతికినట్టుండాలి.
అందుకని నాది ఇంటికి తీసుకెళ్లి
కెటిల్ పక్కన కూర్చోబెట్టాను.

సరే, ఎవరావిడ?
మంత్రగత్తె కాదు. ఆ చీపురు
వాకిలి ఊడవడానికే.
ముక్కు మామూలు ముక్కే, చలికి కారుతుంది.
వయసు మా పెద్దమ్మ అసంప్టా కంటే ఎక్కువ,
రేవు గోడ కంటే తక్కువ.
ఎవరూ తీసుకెళ్లక కొక్కేలకి మిగిలిపోయిన కోట్లన్నీ
ఒకదాని మీద ఒకటి తొడుక్కుంటుంది.
చేతిలో గుమ్మడికాయ కాదు, అది మొన్నమొన్న వచ్చింది.
మా అమ్మమ్మ తొలిచేలాంటి టర్నిప్పు,
చెంచాలు వంగిపోయేంత గట్టిది.
లోపల కొవ్వొత్తి పెడితే
ఉడికీ ఉడకని కూర వాసన.

పొగగొట్టంలోంచి దిగదు.
ఇరుగమ్మలా పెరటి తలుపు తోసుకొచ్చి
"ఉన్నారా?" అంటుంది.
మంచి పిల్లలెవరో చెడ్డ పిల్లలెవరో చిట్టా రాసుకోదు.
ఒక్కటే అడుగుతుంది: ఈ రాత్రి నువ్వెవరు?
దుప్పటి కప్పుకున్నవాడు దెయ్యాన్నంటే
నిజంగానే ఒకడుగు వెనక్కి వేస్తుంది.
అట్టముక్క కిరీటానికి మోకాలు వంచుతుంది.
ఏ వేషమూ కుదరక గుమ్మంలో నిలబడిపోయిన పిల్లకి
జేబులోంచి బొగ్గు తీసి మీసం దిద్దుతుంది.

పెద్దల సంగతి ఉంది ఇంకా.
పోయినవాళ్లు ఆ రాత్రి ఇల్లు చూసిపోతారని
మా వైపు పొయ్యి దగ్గర కుర్చీ వేసి ఉంచుతారు,
ఎండుద్రాక్షల రొట్టె ఒక ముక్క, తలుపు గడియ తీసి.
వాళ్లకి దారి తప్పుతుంది పాపం.
రోడ్లు వెడల్పు చేశారు,
పోస్టాఫీసు తీసేసి కాఫీ కొట్టు పెట్టారు.
అందుకని ఆవిడ మలుపులో నిలబడుతుంది
టర్నిప్పు లాంతరు ఎత్తి పట్టుకుని.
తెల్లారేలోపు వెనక్కి పంపేదీ ఆవిడే,
మందలించి కాదు, మెడకి స్కార్ఫు సర్ది.

పొద్దున ఇదంతా ఫియక్రాకి చెప్పాను,
కుర్చీ సంగతితో సహా.
చెప్పాక నాలుక్కరుచుకున్నాను.
ఫిబ్రవరిలో వాళ్ల నాన్న ఎక్కిన పడవ
రేవు ఇంకా చేరలేదు.
వాడేం ఏడవలేదు. బూటుతో నీటిగుంట కెలికి
"సముద్రంలోంచి వచ్చేవాళ్లనో?
అక్కడ మలుపులుండవుగా" అన్నాడు.
గంట కొట్టారు.
నా పలక ముందు లారీ ఒకటి ఆగి ఉంది,
దాన్ని వెళ్లనివ్వడం కూడా మర్చిపోయాను.

మూడింటికి
తడిసిన కాగితమొకటి నా చేతిలో కుక్కి పరిగెత్తాడు.
ఆవిడే. అన్ని కోట్ల పైనా పసుపుపచ్చ కోటు.
ఒక చేతిలో లాంతరు, రెండో చేతిలో నా పలక.
ముక్కు కారుతోంది, అది మర్చిపోలేదు.
కాళ్ల ముందు నీలం,
కాగితం చిరిగేంతగా రుద్దిన నీలం,
దాని మీద రేవు నుంచి కాగితం అంచుదాకా
తెల్ల సుద్దతో
దాటే గీతలు.