తోడుకోని పాలు

గురువారం పొద్దున్నే వచ్చాడు లెకాల్,
చంకలో హెల్మెట్, చేతిలో సీసా.
సీసాలో పాలు.
పాలలాగే ఉన్న పాలు.

"చూడు పనయ్," అన్నాడు బల్ల మీద పెట్టి,
"నీ పొడి కలిపాను, గోరువెచ్చగా ఉన్నప్పుడే.
అన్నం కుక్కర్లో రాత్రంతా మూతపెట్టి ఉంచాను.
తోడుకోలేదు.
ఇందులో ప్రాణమున్నదేదీ లేదు."

నేను నర్సుని.
అందులో ఏముందో నాకూ తెలియదు.
ఇచ్చేవాళ్ళకీ పుచ్చుకునేవాళ్ళకీ
గంతలు కట్టి ఆడించే ఆట ఇది.
నూట ఇరవైమంది, రెండు రకాల పొట్లాలు.
ఒకదాంట్లో కోట్ల సూక్ష్మజీవులు నిద్రపోతూ,
ఒకదాంట్లో ఉత్త పిండి.
రెండూ తెలుపే, రెండూ కాస్త తీపే.
ఏది ఎవరిదో రాసిన కాగితం
తైపేలో ఎవరి బీరువాలోనో ఉంది.
ఇక్కడ హువాలియెన్‌లో ఆయన నలభై ఏడు, అంతే.

ఇరవై రెండేళ్ళు ట్యూనా పడవల మీద తిరిగిన మనిషి.
"ఉప్పు తిన్న విశ్వాసం మనిషికి ఉండాలంటారు,
నా విషయంలో విశ్వాసం ఉప్పుదే,
ఒడ్డెక్కినా వదల్లేదు" అని
కుడికాలి బొటనవేలు చూపించాడు మొదటిరోజు.
అది సముద్రపు ఉప్పు కాదని చెప్పాను.
నెత్తుట్లో యూరిక్ యాసిడ్ పేరుకుని
కీలులో సూదులు కడుతుందనీ,
మన వంశాల్లో మూత్రపిండాలు కొంచెం పిసినారివనీ.
"మా తాత పిసినారి కాడే!" అని నొచ్చుకున్నాడు.

రాత్రి రెండింటికి మొదలవుతుంది.
దుప్పటి అంచు తగిలితే చాలు.
పక్కగదిలో తలుపు వేస్తే
ఆ చప్పుడు వచ్చి వేలికే గుచ్చుకుంటుంది.
మా నాన్నదీ ఇదే వేలు, నాకు తెలుసు.

పోయిన వేసవి ఇలిసిన్ పండుగలో
తన ఈడు మగవాళ్ళంతా చేయీ చేయీ కలిపి
తెల్లార్లూ గుండ్రంగా తిరుగుతుంటే
ప్లాస్టిక్ కుర్చీలో ఐసుగుడ్డతో కూర్చున్నాడు.
ఆయన చోటు ఎవరికీ ఇవ్వలేదు వాళ్ళు,
మనిషి వెడల్పు ఖాళీ వదిలి ఆడారు.
ప్రతి చుట్టుకీ ఒకసారి
ఆ ఖాళీ ఆయన ముందునుంచి వెళ్ళింది.

ఇప్పుడీ సీసా.
అన్ని జీవులూ పాలను తోడుపెట్టవని చెప్పొచ్చా?
కొన్ని పేగు చీకట్లోకి దిగేదాకా
కళ్ళు తెరవవని?
నియమాల పుస్తకం తిరగేశాను,
పాల గురించి ఏమీ లేదు.

"సరే, ఉత్త పిండే అనుకో," అన్నాడు,
"తొమ్మిది వారాలుగా వేలు ఎందుకు పలకట్లేదు?"
నేను జవాబివ్వలేదు. ఆయనే ఇచ్చుకున్నాడు.
"గురువారం నువ్వు అడుగుతావని
బుధవారం బీరు ముట్టను.
బుధవారం ముట్టకపోతే
మంగళవారానిది ఎందుకో రుచించదు."
కాసేపు ఆగి,
"ఆదివారం మాత్రం అడక్కు."

ఫారం ముందుకు లాక్కున్నాను.
నియమభంగం: అవును.
తప్పిన మోతాదు: ఒకటి.
కారణం గడి దగ్గర పెన్ను ఆగింది.
డాక్టర్ జియాన్ కళ్ళజోడు నుదుటికెత్తి చదివి
నలభై ఏడుని లెక్కలోంచి తీసేస్తాడేమో.
పాలు తోడుకుంటాయేమోనని చూశాడు, అని రాశాను.
ఇంతకంటే నిజం ఆ గడిలో పట్టదు.

"మీరు ఎప్పుడైనా మానుకోవచ్చు,
ఎందుకని ఎవరూ అడగరు,"
సంతకం రోజు చదివిన వాక్యమే మళ్ళీ చదివాను.

ఆయన వింటున్నట్టు లేడు.
వచ్చేవారం పొట్లాలు ఏడూ లెక్కపెట్టి
హెల్మెట్‌లో వేసుకున్నాడు.
సీసా మూత తీసి వాసన చూశాడు,
గటగటా తాగేశాడు.
మూతి తుడుచుకుంటూ,
"నిన్నటిది ఇది. రాసుకో."

తప్పిన మోతాదు ఒకటి, కొట్టేశాను.
ఆలస్యం, ఒక రాత్రి.
కొట్టివేత పక్కన తేదీ వేసి
పొట్టి సంతకం పెట్టాను.