దయచేసి ముట్టుకోండి

నయీంనగర్ల జిరాక్స్ దుకాణం పైన
పద్దెనిమిది మెట్లు.
గడపకాడ చెప్పులు ఇడిచిన.
ఎవలూ ఇడువమనలే, అలవాటు.
లోపల రెండంటె రెండు అర్రలు,
కొత్తగ సున్నమేసిన గోడలు, మొత్తుకునే కూలరు,
గోడకు చీటి:
"దయచేసి ముట్టుకోండి."

ముప్పై ఏండ్ల సంది గిరాకీలకు
నేను చెప్పేది దీనికి ఉల్టా.
ముట్టకుండ్రి అమ్మా, మడత చెడ్తది.

కొత్తవాడల నాది ఫాల్స్, పికో దుకాణం.
మిషిను కింద రాలిన ముక్కలన్నీ
శనివారం శనివారం వచ్చి
యూరియా సంచిల నింపుకపోయేది ఒక పిల్ల.
పేరు ఉజ్వల.
దిండ్లల్ల కూరుతదేమో అనుకున్న.
అడిగితె "బర్రెను చేస్తున్న అక్కా" అన్నది.
సదువు ఎక్కువైతె గట్లనే అంటరని ఊకున్న.

నిజంగనే బర్రె.
మొదటి అర్ర నడుమ, నా భుజం ఎత్తు.
మూతికి జిప్పు.
జిప్పు గుంజితె నాలుక జారి బయటవడ్తది,
గులాబిరంగు, కొసకు జరీ చుక్క.
ఆ నాలుక నాకు ఎరికే!
తహసీన్ టీచర్ బిడ్డ నిఖా కుర్తా,
చేతులు పొడుగైనయని రెండంగుళాలు కోపిచ్చింది.
దూరంకెళ్లి నల్లగ కొట్టిన వీపు
దగ్గరికి పోతె నలుపే కాదు.
బడి లంగాల నీలం, వకీలు కోటు అస్తరు,
పాత గొడుగు గుడ్డ.
కండ్లు రెండు గుండీలు,
ఒకటి పెద్దది, ఒకటి చిన్నది,
గందుకే ఎటుదిక్కు నిలవడ్డా
మనమీద అనుమానం వడ్డట్టె చూస్తది,
మా ఆడిబిడ్డ లెక్క.

గోడకు బండిచక్రమంత సర్వపిండి.
నువ్వులు దారం ముడులు, శనగపప్పు పసుపు గుండీలు.
నడుమ బొక్కల ఒక పిల్లగాడు ఏలు పెడితె
అవుతల ఇంకో పిల్లగాడు పట్టుకున్నడు.
ఇద్దరూ ఇడుస్తలేరు.

జంపఖానాతోని ఎర్రబస్సు,
హన్మకొండ, పరకాల, భూపాలపల్లి.
జతలేని మేజోళ్లే పాసింజర్లు.
లోపల సీట్లు కాళీగున్నా
అన్నీ డోరుకాడ్నే ఏలాడుతున్నయి.

రెండో అర్రల కింద పరిచిన జంపఖానా ఒకటి.
దాని చారలు అంచుకాడ ఆగక
గచ్చు దాటి, గోడెక్కి,
పంకరెక్కలదాక పాకినయి.
వంగరి సాయిలు దానిమీదనే కూసున్నడు.
నలభై ఏండ్లు మగ్గం గుంటల కాళ్లు పెట్టిన మనిషి.
ఏలుతోని పోగులు లెక్కవెట్టి
"ఈడ ఒకటి తప్పినవ్ బిడ్డా" అన్నడు.
"కావాలనే తప్పిన తాతా" అన్నది పిల్ల.
ముసలాయన జెరసేపు ఆ తప్పును నిమిరిండు.
"మాకైతె దీనికి కూలి కోస్తుండె"
అన్నడు, ఎవలితోని కాదన్నట్టు.
కూలరు ఒక్కటే మొత్తుకుంటుంది.
పిల్ల పోయి ఆయన పక్కన కూసున్నది.

మల్ల బర్రెకాడికే వచ్చిన.
దాని కాలుసందుల ఎలుక దాసుకున్నది, ఇందాక కానలే.
గళ్ల లుంగి గుడ్డ, మీసాలకు చీపురుపుల్లలు.
తిప్పి చూసిన, మర్లేసి చూసిన.
ఈ ముక్క నాది కాదు.
అంటె ఈమె వేరే దుకాణంకు గూడ పోతున్నదన్నట్టు.
జెర గుస్సా అయ్యింది,
నిజం చెప్పాలంటె, బాగనే అయ్యింది.

పోదామని మర్రితె
బర్రె ఎడమ చెవి కుట్టూడి కిందికి జారింది.
ముట్టుకోమంటిరి, ముట్టుకున్నరు పిల్లలు.
పుస్తెలతాడుకున్న పిన్నీసు తీసి
చెవిని గట్టిగ నిలవెట్టిన.
నా ఎనక చష్మాల పిలగాడొకడు
ఒంగి ఒంగి ఆ పిన్నీసుకు
మూడు ఫోటోలు తీసిండు,
అబ్బ, ఎంత ఆలోచన అనుకుంట.

తలుపుకాడ రిజిస్టరు.
పేరు రాసిన: దుడపాక కౌసల్య.
అభిప్రాయం అన్నకాడ
జెరసేపు పెన్ను కొరికి రాసిన:
"చెవికి రెండు పేటల దారం ఎయ్యాలె.
పిన్నీసు వాపసియ్యాలె."
ఇంక జాగ మిగిలింది.
"శనివారం రా.
చిలుకపచ్చ ముక్కలు మస్తు వడ్డయి."