నాలుగో అంతస్తు శ్రుతి

ముందు గోడల చెవులు మూయాలి.
ఉలాన్‌బాతర్ పెద్ద బజారులో
గుడారాలకు చుట్టే గొర్రె ఉన్ని, మందంగా అదిమినది,
మూరల్లో కాదు, తూకంలో అమ్ముతారు.
పదకొండు కిలోలు భుజానేసుకుని
లిఫ్టు లేని నాలుగంతస్తులూ ఎక్కాను.
"ఫ్లాటులో గుడారం వేస్తావటే, నొమిన్?" అంది
రెండో అంతస్తు త్సెండ్‌మా, తలుపు సందులోంచి.

మంచం అమ్మి మైకు కొన్నాను.
అప్పటినుంచీ పడక వంటింట్లో, పొయ్యి కాళ్ల దగ్గర.
స్టాండుకి డబ్బు మిగల్లేదు,
బట్టలారేసే కొయ్య నిలబెట్టి దానికే కట్టాను.
పాడేవాళ్ల ఊపిరి నేరుగా తగలకుండా
కుట్టుపని చట్రానికి పాత మేజోడు బిగించాను.
చూస్తే నవ్వొస్తుంది.
వింటే రాదు.

మొదటి రాత్రి, చెవులకు హెడ్‌ఫోన్లు,
గదిలో ఎవరూ లేరు,
అయినా ఎవరో మూసిన నోటితో
ఒకే స్వరం పట్టుకుని కూర్చున్నారు.

ఫ్రిజ్ ఆపాను. పాలు బాల్కనీలో పెట్టాను
(మైనస్ ముప్పైలో ఫ్రిజ్‌కి ఏం పని?)
లైటు ఆపాను. గడియారాన్ని దుప్పట్లో చుట్టాను.
చీకట్లో గోడ వెంట చెవి ఆనించి పాకాను,
రోగి వీపు మీద డాక్టరులా.
దొరికింది: కిటికీ కింది రేడియేటరు గొట్టం.
ఊరి చివర పొగగొట్టాల దగ్గర మరిగిన నీళ్లు
మా అందరి గదుల్లోంచీ నడుస్తూ పోయే చప్పుడు.

"కట్టెయ్యలేవా?" అని పైపుల మనిషిని అడిగాను.
"కట్టేస్తే ఈ వరస మొత్తం గడ్డకడుతుంది,
నీ పాట కోసం
ఐదో అంతస్తు పసిపిల్లను వణికించమంటావా?"

మే నెల మధ్యలో వాళ్లే ఆపుతారు.
అప్పటికి పాడేవాళ్లంతా గడ్డిమైదానాలకు చేరతారు,
గుర్రప్పిల్లల దగ్గరికీ పెళ్లిళ్లకీ.
నిశ్శబ్దం ఉన్నప్పుడు గొంతు దొరకదు,
గొంతు దొరికినప్పుడు నిశ్శబ్దం ఉండదు.
పదకొండు కిలోల ఉన్నిలో
ఈ మాట మీద తల ఆనించి పడుకున్నాను.

జిగ్మెద్ పగలు టాక్సీ నడుపుతాడు.
గుర్రంతల ఫిడేలు కోటు లోపల దాచుకుని వచ్చాడు,
చలికి తీగలు బిగుసుకుపోతాయని.
బూట్లు విప్పాడు, ఉన్ని వాసనకు మూడుసార్లు తుమ్మాడు,
కూర్చున్నాడు.
గొట్టం సంగతి నేను తప్పు చేసినదాన్లా చెప్పాను.
అతను ఫిడేలు మెడను మెల్లగా గొట్టానికి తాకించి,
కళ్లు మూసుకుని, బిరడా తిప్పాడు.
"మీ ఊరి వేడి కాస్త కిందుంది" అన్నాడు,
తీగలు రెండూ దించాడు.

కమాను కదిలింది.
రొద ఆగలేదు.
పరాయిది కావడం ఆగింది, అంతే.

ఆ చలికాలం ఏడు రికార్డింగులు.
తివాచీల ఫ్యాక్టరీ బ్యాంబాసురేన్ అత్త కూడా
గొట్టం వైపు ఓరగా తిరిగి
ఒక్క మాటను నిమిషంన్నర సాగదీసింది.
నది అవతలి పెద్ద స్టూడియో కుర్రాడు విని,
"అన్నీ అపశ్రుతే, ఏ వాద్యంతోనూ కలవవు" అన్నాడు.
వాళ్లకు వేడి నేల లోపలినుంచి వస్తుంది,
చప్పుడు లేకుండా.
నేను వాదించలేదు.

మే పదిహేను. నీళ్లు ఆగాయి.
మర్నాడు ఊరు దాటబోతూ జిగ్మెద్ వచ్చాడు, ఎనిమిదో దానికి.
నేను తూకం వేయించి కొన్న నిశ్శబ్దం
చివరికి గదినిండా ఉంది.
బిరడా పైకి తిప్పాడు, కిందికి తిప్పాడు,
కమాను ఎత్తి అలాగే ఉండిపోయాడు.
"ఆధారం ఎవరిస్తారిప్పుడు?"

వెతికాను. జనవరిలో మైకు పరీక్షకు తీసి
చెరిపేయడం మరిచిన ముప్పై సెకన్లు,
ఉత్త గొట్టం.
తిరిగి తిరిగి మోగేలా పెట్టాను.
అతని భుజాలు దిగాయి. తీగలు దిగాయి.

బయట చొక్కాతో తిరిగేంత ఎండ.
రెండో చరణంలో ఎప్పుడో నేను లేచి వెళ్లి
రేడియేటరు మీద చేతులు కాచుకున్నాను, అలవాటుగా.
చల్లగా ఉంది.