లెక్కకు రాని కిలోమీటర్లు

ఎలియావా బజారులో వాన వెలిసిన పొద్దున
బాచానా నాలుగు చక్రాలు ఒక్కొక్కటే దొర్లించుకుంటూ వచ్చాడు.
పద్దెనిమిది అంగుళాలవి, గీత పడని వెండి,
కొత్త గాజులు చూపించే పిల్లలా
వెలుతురుకు ఎత్తి చూపించాడు.

"టైర్లు కూడా దొరికాయి త్సియాలా పిన్నీ, చవగ్గా.
235/45."

చవక అన్న మాటకి నా దగ్గరున్న జవాబు
జేబులోని సుద్దముక్క.

షెడ్డు నేలమీద రాశాను,
నీ బండి పుట్టినప్పుడు తొడుక్కున్నది ఇదీ అని:
205/55, పదహారు.
మొదటిది వెడల్పు, మిల్లీమీటర్లలో.
రెండోది ఎత్తనుకుంటారు.
ఎత్తు కాదురా, వెడల్పులో వాటా, నూటికి ఇంత అని.
పొలం పెరిగితే సగం వాటా కూడా పెరగదూ?
పైన ఒక గోడ, కింద ఒక గోడ, నడుమ ఇనుము.
కూడితే ఆరు వందల ముప్పై రెండు.
నీ చవక బేరం కూడితే
ఆరు వందల అరవై తొమ్మిది.

"ముప్పై ఏడు మిల్లీమీటర్లేగా!
అగ్గిపెట్టె అడ్డమంత."

కొంప తగలడడానికి అగ్గిపెట్టె చాలు
అన్నాను.

వినలేదు. వినకపోతే చూస్తాడు కదా అని
ముందు ఎడమవైపు ఒక్కటి బిగించి, జాకీ దించి,
స్టీరింగు చివరికంటా తిప్పమన్నాను.
మాడిన రొట్టెని చాకుతో గీకిన చప్పుడు.
లోపలి ప్లాస్టిక్ మీద నల్లటి చార.
వాడు దిగి, వేలితో ఆ చారని తుడవబోయాడు,
తుడిస్తే బండి మరిచిపోతుందన్నట్టు.

అప్పుడు ముర్మాన్ సంగతి చెప్పాను.
తెలావి దారిలో నాలుగేళ్ళు వ్యాను నడిపాడు,
వాడిదీ ఇలాంటి చవక బేరమే, నూటికి ఆరు పెద్దది.
అమ్మిననాడు మీటరు మీద మూడు లక్షలు.
తిరిగింది మూడు లక్షల పద్దెనిమిది వేలు.
ఆ పద్దెనిమిది వేలకీ నూనె మార్చలేదు,
బ్రేకులు చూడలేదు, ఏ కాగితం మీదా రాయలేదు.
యాభై అని మీటరంటే యాభైమూడుతో వెళ్ళి
జరిమానా కట్టి, కెమెరాని తిట్టేవాడు.
మోకాళ్ళు మాత్రం
సరిగ్గానే లెక్కపెట్టుకున్నాయి.

బాచానా చాలాసేపు సుద్ద అంకెల మీద నిలబడ్డాడు.
బూటు కింద ఒక ఐదు చెరిగిపోయింది.

పై అరలోంచి 225/40 దించాను,
నాలుగూ ఒకే వారంలో పుట్టినవి.
బరువు అంకె చూపించాను, తొంభై రెండు,
పాతదానికన్నా ఒకటి ఎక్కువే, తక్కువైతే నేను ఎక్కించను.
రిమ్ము రంధ్రం మీ హబ్బుకి ఒకటిన్నర మిల్లీమీటరు వదులు.
వేలికి వదులైన ఉంగరానికి దారం చుట్టినట్టు
ఒక ప్లాస్టిక్ రింగు తొడిగాను.
ఎనభై లారీలు తక్కువపడ్డాయి వాడికి.
పాత చక్రాలు తాకట్టు పెట్టుకోమన్నాడు.

వద్దురా, ఇంట్లో దాచుకో.
ఇప్పుడు రబ్బరు గోడ పొట్టిది,
గుంత వచ్చిందంటే మధ్యవర్తి లేడు,
నేరుగా రిమ్ముకే చెబుతుంది.
మంచు పడ్డాక జ్వరి కనుమ ఎక్కాలంటే
ఆ పదహారు అంగుళాల నల్లవాటినే బతిమాలుకుంటావు.
ఎనభై తర్వాత ఇద్దువుగాని.

బోల్టులు కొలత రెంచితో బిగించాను, నక్షత్రం వరసలో,
ఒక్కోటీ టక్కుమనేదాకా.
వంద కిలోమీటర్లు తిరిగి మళ్ళీ రా, ఇంకోసారి చూడాలి.

"మీటరు వందా? నిజం వందా?"
అడిగాడు, నేర్చుకున్నాడు.

కూడి చూశాను. కొత్తది ఆరు వందల ముప్పై ఏడు.
మీటరు వంద అన్నచోట
నువ్వు ఓ ఎనిమిది వందల మీటర్లు ముందుంటావు.
ఆ కాస్త నీదే,
ఎవరికీ చెప్పక్కర్లేదు.