సున్నా ఎక్కడ?

పెట్టెలోంచి తీసి బ్యాటరీ తగిలించగానే
అది పంతొమ్మిది వందల డెబ్బైలో కళ్లు తెరిచింది.
జనవరి ఒకటో తారీఖు,
మన లెక్కలో పొద్దున ఐదున్నర.
ఈ జాతి యంత్రాలకి కాలం అక్కడే మొదలు.

నేనేమో మూసారాంబాగ్ వంతెన పక్కన
జూన్ ఎండలో, నిచ్చెన మూడో మెట్టు మీద,
నోట్లో స్క్రూ కరుచుకుని.

అరచేతిలో పట్టేంత డబ్బా.
అడుగున ఒక గుండ్రటి నోరు:
నీటి మీదకి కూత పెట్టి
అది తిరిగొచ్చేదాకా లెక్కపెడుతుంది.
లోపల సిమ్ము,
ఎవరికీ చూపించని తాళంచెవి ఒకటి,
ఫ్యాక్టరీలోనే కడుపులో పెట్టి కుట్టేశారు.
అదేమిటో నాకూ తెలీదు. తెలియకూడదు.

క్యూఆర్ కోడు స్కాన్ చేశాను.
పేరు: మూసీ, నాలుగు ఒకటి ఏడు.
వార్డు, అక్షాంశం, రేఖాంశం.
తెర మీద చక్రం తిరిగి తిరిగి
చివరికి ఎర్రగా:
కనెక్షన్ కుదరలేదు.

మళ్లీ చేశాను. కుదరలేదు.
మూడోసారికి వెలిగింది నాకు.
అవతల సర్వరు చూపించిన పత్రానికి తేదీ ఉంది.
డెబ్బైలో నిలబడి చూసేదానికి
అది ఇంకా పుట్టని ఆఫీసు సంతకం.
ఎలా నమ్ముతుంది?

ముందు ఇవాళ ఏ రోజో చెప్పాలి.
టవరునడిగి టైము తెచ్చి చెవిలో వేశాను.
యాభై చిల్లర ఏళ్లు ఒక్క గుటకలో మింగింది.
ఆ ఏళ్లలో ఈ నది ఏమైందో అడగలేదు.

అప్పుడు పచ్చ చుక్క.
మొదటి కబురు ముంబై దాకా వెళ్లి
ఏ చల్లటి గదిలోనో పేరు రాయించుకుని
నా చేతిలోని ఫోనుకే తిరిగొచ్చింది:
ఉన్నాను.

ఇస్త్రీ బండి అండాలు
అంతసేపూ చూస్తూనే ఉంది.
"గిదేంది సార్, కెమెరానా?"
కాదమ్మా, నీళ్లెంత ఎత్తు వచ్చాయో చెప్తుంది.
"ఎవలికి?"
క్లౌడుకి.
"అంటే?"
మబ్బు, అనేసి నాలిక్కరుచుకున్నాను.
ఆమె ఆకాశాన్ని చూసింది, డబ్బాని చూసింది.
"వాన కురిపిచ్చెటోనికే
వాన వడ్డదని చెప్తదా?"

ఇక మిగిలింది ఒక్క గడి.
సున్నా ఎక్కడ?
ఏ మట్టం నుంచి కొలవాలి, ఎక్కడికొస్తే కేకెయ్యాలి.
నాకిచ్చిన కాగితంలో అంకె ఉంది.
ఏ ఎండాకాలంలోనో
వంతెన బొమ్మ చూసి వేసిన అంకె.

అండాలు బండి కాస్త పక్కకి జరిపింది.
వెనక గోడ మీద బొగ్గు గీతలు.
"గిది మా పెద్దోని లగ్గమైన యేడు."
నడుం ఎత్తున.
"గిది అక్టోబర్ల. రాత్రికి రాత్రి. ఎవ్వలు చెప్పలె."
నా భుజం దాటి.
అన్నిటికన్నా కింద, మోకాలికి అందేలా,
మళ్లీ మళ్లీ దిద్దిన గీత ఒకటి.
"గీడిదాంక వస్తే మూటలు గడ్తం.
గిది దాటినంక గట్టినా ఫాయిదా లేదు."

పక్క వీధి మేస్త్రీ దగ్గర
నీళ్ల గొట్టం అడిగి తెచ్చాను.
ఒక కొస ఆమె గీత దగ్గర, ఒక కొస నా స్తంభం దగ్గర.
గొట్టంలో నీళ్లు అటూ ఇటూ ఊగి
నెమ్మదిగా ఒప్పుకున్నాయి.
నా అంకె కన్నా ముప్పై ఆరు సెంటీమీటర్లు కిందికి.

మార్చే అధికారం నాకు లేదు.
మార్చాను.
కారణం, అని అడిగింది తెర.
ఏం రాయాలో తోచక కాసేపాగి
బొగ్గు, అని రాశాను.
కబురు అందాల్సిన ముగ్గురు ఆఫీసర్ల కింద
నాలుగో నంబరు ఆమెది.
తన నంబరు తనకి నోటికి రాదు,
నాకు మిస్డ్ కాల్ ఇచ్చింది.

నిచ్చెన భుజానికెత్తుకున్నాను.
ఇంకా నాలుగు వందల పద్దెనిమిది ఉంది, చాదర్‌ఘాట్ దగ్గర.
"బ్యాటరీ ఎన్నేండ్లొస్తది సార్?"
ఐదు.
ఏమీ అనలేదు.
ఇస్త్రీ పెట్టె మూత తీసి
చల్లారిన బొగ్గు ఒకటి ఏరుకుని
గోడ దగ్గర గొంతుక్కూచుంది.