వెండి రంగు

గుంటూరు మిర్చి యార్డులో అందరూ దగ్గుతారు.
హమాలీలు, కమీషన్ వ్యాపారులు, టీ కుర్రాడు,
బస్తాల మీద కూర్చునే ఆ కోతీ.
"ఘాటు, అంతే" అన్నారు.

దానికి ముఠామేస్త్రి అని పేరు పెట్టింది ఏసుదాసు.
చివరి వారం అరటిపండు చేతికిస్తే
వాసన చూసి పక్కన పెట్టిందట.
ఊపిరి లాక్కోడానికే ఒంట్లో బలం చాలనిది
పండేం ఒలుస్తుంది?

గోనెపట్టాలో చుట్టి తెచ్చాడు పశువులాసుపత్రికి.
స్పాంజిలా ఉండాల్సిన ఊపిరితిత్తి
నా బల్ల మీద పచ్చి కార్జంలా కూర్చుంది.
కారం రేణువు ఒక్కటీ లేదు.

వెండి రంగు వేసి చూశాను.
గాలి తిరగాల్సిన గదుల నిండా నురుగు,
నురుగులో నొక్కుకుపోయిన బంతుల్లా నల్లచుక్కలు.
మా మాస్టారి కాలంలో దీన్ని పరాన్నజీవి అనేవారు,
ఇప్పుడు బూజు అంటున్నాం.
మనందరి ఊపిరిలోకీ వచ్చి పోతూనే ఉంటుంది,
నెత్తుట్లో కాపలా ఉన్నంతకాలం
అద్దె బాకీపడ్డవాడిలా తలొంచుకుని.
దీని నెత్తుట్లో కాపలావాళ్లు
ఎప్పుడో వెళ్లిపోయారు.
ఎవరు తరిమారో ఇంకో పరీక్ష చెప్పాలి.

పేరు చదివి వినిపించాను.
ఏసుదాసు గుమ్మం దాటి లోపలికి రాలేదు.
"మా తమ్ముడికి పెద్దాసుపత్రిలో
ఇదే రాశారు మేడం. కాయితం ఇంట్లో ఉంది.
వాడూ మిరప బస్తాలే మోశాడు.
ఘాటే అనుకున్నాం."

ఏమనాలో తెలీక కళ్లద్దాలు తుడుచుకున్నాను.
స్టూలు జరిపి, చూస్తావా అన్నాను.
ఒక కన్ను మూసుకుని
చాలాసేపు చూశాడు,
దగ్గు ఆపుకుంటూ.